విత్తనం దాచుకునే రైతుకు రాజ్యాంగమూ తెలియాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. తొలకరి ముందు మీ వ్యవసాయ పేజీలో విత్తనాల గురించి రాస్తారు. నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవం వస్తే ప్రాథమిక హక్కుల గురించి రాస్తారు. ఆ రెండు పేజీలూ ఒకే రైతు ఒకే పూట చదవాల్సినవని గ్రహించి, అందుకు తగ్గ పని చేస్తున్న మిత్రులు మాకున్నారు. రెండు మూడెకరాల రైతులను ఇరవై, ఇరవై అయిదు మందిని ఒకచోట కూర్చోబెట్టి, పొద్దున విత్తనం పని నేర్పుతారు. భోజనాలయ్యాక ఆ విత్తనం మీద, పంట మీద, భూమి మీద వాళ్ళకున్న హక్కులు సెక్షన్లతో సహా చెబుతారు. ఆ పనిని మీ పాఠకులకు సిఫారసు చేయడానికే ఈ ఉత్తరం. ఆ మిత్రుల్లో కొందరు కౌలుదారులు, పేర్లు అచ్చులో రావడం వారికి ఇష్టం లేదు. అందుకని పని సంగతే రాస్తాం.

ఈ కలయిక తెలుగునాట కొత్తది కాదు. ఆచార్య ఎన్.జి. రంగా 1930లలోనే నిడుబ్రోలులో రైతులకు రాజకీయ శిక్షణ ఇచ్చే విద్యాలయం నడిపారు. తర్వాత రాజ్యాంగ సభ సభ్యులయ్యారు. ఉమ్మడి సహకార సేద్యం ప్రతిపాదనను వ్యతిరేకిస్తూ 1959లో పుట్టిన స్వతంత్ర పార్టీకి అధ్యక్షులయ్యారు. ఆయన రాజకీయాలు నచ్చనివారు కూడా ఒక్క సంగతి ఒప్పుకుంటారు: రైతుకు సేద్యంతో పాటు శాసనమూ తెలియాలని ఆయన పట్టుబట్టారు. ఆ తర్వాత రైతు శిక్షణ అంటే ఎరువుల మోతాదు, పురుగుమందుల మోతాదు చెప్పడంగా కుదించుకుపోయింది.

పొద్దున పని ఏ విత్తనం దాచుకోదగినదో తేల్చుకోవడంతో మొదలవుతుంది. హైబ్రిడ్ పంట నుంచి తీసిన గింజ మళ్ళీ వేస్తే చేను ఒక్కతీరుగా రాదు. తల్లి పోలిక ఒకటి, తండ్రి పోలిక ఒకటి, రెండూ కానిది ఇంకొకటి మొలుస్తాయి. కాబట్టి దాచాల్సింది సూటి రకాలనే, అంటే హైబ్రిడ్ కాని, తరం మారినా పోలిక మారని రకాలనే. వాటిలోనూ వరి, పెసర, మినుము, వేరుశనగ, టమాటా తమలో తామే ఫలదీకరణ చెందుతాయి కనుక పని తేలిక. కందికి తేనెటీగలు పక్క చేని పుప్పొడిని మోసుకొస్తాయి. మొక్కజొన్న, సజ్జ, సొర, బీర, కాకర అయితే పూర్తిగా గాలికీ ఈగలకూ లోబడినవే.

వరిలో విత్తనం ఎంపిక కల్లంలో కాదు, చేలో జరగాలి. గట్ల నుంచి మూడు మీటర్లు వదిలేసి, చేను నడుమ కొంత భాగానికి నాలుగు కర్రలు పాతి గుర్తు పెట్టాలి. అందులో పూత దశలో ఒకసారి, గింజ గట్టిపడుతున్నప్పుడు ఒకసారి, కోతకు ముందు ఒకసారి కేళీలు (ఆ రకానివి కాని మొక్కలు) ఏరాలి. ఎత్తు, ఆకు రంగు, పూత వచ్చిన రోజు, గింజ కొన మీద ముల్లు: ఈ నాలుగింటిలో దేనిలో తేడా ఉన్నా ఆ దుబ్బును వేళ్ళతో పీకేయాలి. కంకి ఒక్కటే కోసి వదిలితే పక్క పిలక నుంచి మళ్ళీ కంకి వస్తుంది. ఎక్కువ మంది చేసే పొరపాటు అదే.

ఉప్పునీటి పరీక్ష చాలామందికి తెలిసిందే, సరిగ్గా చేసేవారు తక్కువ. పది లీటర్ల నీటిలో ఉప్పు కలుపుతూ, తాజా కోడిగుడ్డు తేలి, దాని పెంకు నీటిపైన రూపాయి బిళ్ళంత కనబడగానే ఆపాలి. కిలోన్నర నుంచి రెండు కిలోల ఉప్పు పడుతుంది. గుడ్డు పాతదైతే మామూలు నీళ్ళలోనే లేస్తుంది, అప్పుడు లెక్క తప్పి తాలు కూడా మునుగుతుంది. అందుకని ముందు గుడ్డును ఉత్త నీళ్ళలో వేసి, అడుగున పడుకుంటుందో లేదో చూసుకోవాలి. పైకి తేలిన తాలు తీసేశాక, మునిగిన గింజలను మంచినీళ్ళతో రెండు మూడుసార్లు కడగాలి. కడగకపోతే ఉప్పు మొలకను చంపేస్తుంది.

ఆరబెట్టడం దగ్గర మా మిత్రులు ఎక్కువ సేపు ఆగుతారు. అది సబబే, ఎందుకంటే ఇంటి విత్తనం చెడేది ఎక్కువగా అక్కడే. తేమ ఒక శాతం తగ్గితే విత్తనం ఆయుష్షు ఇంచుమించు రెట్టింపవుతుంది. నిల్వ చోట వేడి అయిదు డిగ్రీలు తగ్గినా అంతే. వరికి 13 శాతం, కంది, పెసర, మినుముకు 9 శాతం, టమాటా, మిరపకు 8 శాతం తేమ మించకూడదు. తేమ కొలిచే యంత్రం లేని ఊళ్ళో మొదటి మెట్టుగా సీసా పరీక్ష చేస్తారు. పొడి గాజుసీసాలో నాలుగో వంతు బాగా ఎండిన ఉప్పు, దాని మీద మరో నాలుగో వంతు గింజలు వేసి, మూత బిగించి, గట్టిగా కుదిపి, 15 నిమిషాలు ఉంచాలి. ఉప్పు గాజుకు అంటుకుంటే తేమ 15 శాతం దాటి ఉన్నట్టు. అంటుకోకపోతే పని అయిపోయినట్టు కాదు, అక్కడి నుంచి ఇంకా రెండు మూడు ఎండలు కావాలి. పంటి కింద గింజ నలిగితే చాలదు, పటుక్కున విరగాలి. అలాగని తారురోడ్డు మీద, సిమెంటు కల్లంలో మిట్టమధ్యాహ్నం పరిస్తే గింజ వేడెక్కి లోపల మొలక మాడిపోతుంది. పైకి మాత్రం గింజ మెరుస్తూనే ఉంటుంది. పొద్దుటెండ, సాయంత్రపుటెండ, పలుచగా పరిచి గంటకోసారి తిరగేయడం, ఇంతే.

అపరాలకు పుచ్చు పట్టేది గాదెలో అనుకుంటాం. పురుగు గుడ్లు పెట్టేది చేలోనే, ముదిరిన కాయల మీద. గింజతో పాటు ఇంటికి వచ్చి, లోపల పెరిగి, రంధ్రం చేసుకుని బయటపడుతుంది. అందుకని నూర్చిన వెంటనే ఎండబెట్టి, గింజల మధ్య ఖాళీలు పూర్తిగా నిండేలా జల్లించిన బూడిద కలపాలి. పైపైన చల్లితే ఉపయోగం లేదు, పురుగు కదలడానికి చోటు లేకుండా చేయడమే బూడిద పని. కుండ మూతికి పేడ, మట్టి మెత్తి గాలి చొరకుండా చేయాలి. తిండిగింజలకూ విత్తనానికీ ఒకే కుండ వాడితే, వారానికోసారి మూత తీసినప్పుడల్లా తేమ లోపలికి వెళ్తుంది.

టమాటా గింజల చుట్టూ ఉండే జిగురును పులియబెట్టి వదిలించాలి. పండిన కాయల గుజ్జును నీళ్ళు పోయకుండా కుండలో ఒకటి నుంచి రెండు రోజులు ఉంచి, రోజుకు రెండుసార్లు కలిపి, జిగురు విడగానే కడిగేయాలి. మూడో రోజుకు వదిలితే గింజ అందులోనే మొలకెత్తడం మొదలుపెడుతుంది. ఆరబెట్టడానికి కాగితం వద్దు, అతుక్కుపోతాయి. పళ్ళెం గానీ నేసిన గుడ్డ గానీ మేలు.

సొరకు మరో రకం సొర అర కిలోమీటరు దూరంలో లేకుండా ఉండటం మన పెరళ్ళలో సాధ్యం కాదు. అందుకని చేత్తో పరాగం అంటించాలి. ఆడపూవు కింద వేలెడంత పిందె ఉంటుంది, మగపూవుకు సన్నని కాడే. ఆ సాయంత్రం విచ్చబోయే మొగ్గలు మూడు నాలుగు గంటలకే తెల్లగా ఉబ్బి కనిపిస్తాయి. రెండు రకాల మొగ్గల కొనలనూ దారంతో కట్టాలి. పొద్దుగూకాక వేరే పాదు మీది మగపూవు తెంపి, రేకులు తీసి, పుప్పొడిని ఆడపూవు నడిమి బుడిపెకు రాసి, ఆడపూవును తిరిగి కట్టేసి, కాడకు రంగు దారం చుట్టాలి. ఒక్క పాదు నుంచే ఏటా విత్తనం తీస్తే నాలుగైదేళ్ళకు పాదుల బలం తగ్గుతుంది. కనీసం అయిదారు పాదుల గింజలు కలపాలి. కాయను పాదు మీదే పెంకు గట్టిపడి, ఊపితే గింజలు గలగలలాడే దాకా వదలాలి.

చివరికి మొలక పరీక్ష. ఎంచి ఎంచి మంచి గింజలు తీయకుండా, చేతికొచ్చినవి 100 లెక్కపెట్టి తడిగుడ్డలో వరుసగా పేర్చి చుట్టాలి. వరి, టమాటా, మిరపకు 14 రోజులు, కందికి ఆరు రోజులు చూడాలి. వరి 80, కంది 75, టమాటా, వంగ 70, మిరప 60 మొలిస్తే అది ధ్రువీకరణ విత్తనానికి ప్రభుత్వం పెట్టిన కనీస ప్రమాణానికి సరిపోయినట్టు. కోసిన వారానికే వరిని పరీక్షిస్తే కొన్ని రకాలు సగం కూడా మొలవవు. అది చెడిపోవడం కాదు, గింజ నిద్రలో ఉండటం. కొన్ని వారాలాగి మళ్ళీ చూడాలి. ఈ సంగతి తెలియక మంచి విత్తనాన్ని మరకు పంపేసినవాళ్ళున్నారు.

మధ్యాహ్నం పాఠం ఈ విత్తనంతోనే మొదలవుతుంది. "ఇది పక్కింటివాళ్ళకు ఇవ్వవచ్చా? అమ్మవచ్చా?" ఇవ్వవచ్చు, అమ్మవచ్చు కూడా. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం సెక్షన్ 39 ప్రకారం, సృష్టించినవారి పేరిట నమోదై రక్షణ పొందిన రకమైనా సరే, రైతు తన పంటలోంచి విత్తనం దాచుకోవచ్చు, వేసుకోవచ్చు, మళ్ళీ వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. చేయకూడనిది ఒక్కటే, బ్రాండు విత్తనంగా అమ్మడం. అంటే రక్షణ పొందిన ఫలానా రకం అని తెలిసేలా సంచికి లేబుల్ కట్టి అమ్మకూడదు. 2019లో గుజరాత్‌లో ఎఫ్‌సీ 5 అనే బంగాళాదుంప రకం పండించారని కొందరు రైతుల మీద ఒక బహుళజాతి కంపెనీ ఒక్కొక్కరి నుంచి కోటి రూపాయలకు పైగా పరిహారం కోరుతూ దావా వేసి, దేశమంతా నిరసన రావడంతో ఆ ఏడాది మే నెలలో వెనక్కి తీసుకుంది. రైతులకు అండగా నిలిచినవారు చూపించింది ఈ సెక్షన్‌నే. ఆ రకానికి రక్షణ ఉందని నిజంగా తెలియని రైతును కాపాడటానికి అదే చట్టంలో సెక్షన్ 42 ఉంది.

రెండోది 1966 నాటి విత్తన చట్టం సెక్షన్ 24. తాను పండించిన విత్తనాన్ని తన ఆవరణలోనే, వేసుకునేవారికే నేరుగా అమ్మినా ఇచ్చినా ఆ చట్టం వర్తించదు. ఇక్కడ "తన ఆవరణలో" అన్న మాట కీలకం. సంతలో దుకాణం పెట్టి విత్తనం పేరుతో అమ్మితే ఈ మినహాయింపు ఉండదు. విత్తనం వ్యాపారంగా అమ్మేవారికి 1983 నాటి నియంత్రణ ఉత్తర్వు కింద లైసెన్సు కావాలి. ఈ గీత ఎక్కడుందో స్పష్టంగా చెప్పడం వల్లే మా మిత్రుల పాఠం మీద మాకు నమ్మకం. హక్కు ఉందని ఊదరగొట్టి, హద్దు చెప్పకుండా వదిలేసేవారి వల్ల రైతుకే నష్టం.

హద్దుల విషయంలో ఒకప్పుడు వారితో మాకు పేచీ ఉండేది. రాజ్యాంగం 19(1)(జి) అధికరణం ఏ వృత్తి, ఏ వ్యాపారం చేసుకునే హక్కయినా ఇస్తుందని చెప్పి, దాని పక్కనే ఉన్న 19(6)ను చదివేవారు కాదు. ప్రజాహితం కోసం సహేతుకమైన పరిమితులు పెట్టవచ్చని అది చెబుతుంది. ఇప్పుడు రెండూ కలిపి చదువుతున్నారు, అందులోంచి పనికొచ్చే సూత్రం కూడా తీశారు: పరిమితి ఏదైనా చట్టం ద్వారానే రావాలి, ఎవరి నోటి మాట ద్వారానూ కాదు. కాబట్టి ఎవరైనా అడ్డుకుంటే వాదించకుండా అడగాల్సినవి మూడు: ఏ చట్టం? ఏ సెక్షన్? ఎవరి ఉత్తర్వు? కాగితం మీద రాసివ్వమని మర్యాదగా కోరాలి. తేదీ, సమయం, హోదా రాసుకోవాలి.

కూరగాయల గంప పట్టణంలో రోడ్డు పక్కన దించేవారికి ఇది రోజువారీ గొడవ. నియంత్రణకు లోబడి వీధి పక్కన అమ్ముకోవడం 19(1)(జి) కిందికే వస్తుందని 1989లో ఢిల్లీ వీధి వ్యాపారుల కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం దాన్ని వివరంగా రాసింది. సర్వే పూర్తిచేసి, అందరికీ ధ్రువపత్రాలిచ్చే దాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. తరలించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకుపోతే జాబితా రాసివ్వాలి. కుళ్ళిపోయే సరుకైతే అడిగిన రోజే, మిగతాదైతే రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. ఆకుకూరలు పోగొట్టుకున్నవారు మర్నాడు వెళ్తే ప్రయోజనం లేదు, ఆ పూటే రాతపూర్వకంగా అడగాలి. అయితే ఈ చట్టం పురపాలక సంఘాలు, నగర పంచాయతీల్లాంటి పట్టణ ప్రాంతాలదే. పల్లె సంతకు వర్తించదు. అక్కడ ఆశీలు (సంత రుసుము) వసూలు చేసేవారి దగ్గర పంచాయతీ ఖరారు చేసిన ధరల పట్టిక ఉండాలి, రసీదు ఇవ్వాలి. పట్టిక చూపకపోతే సమాచార హక్కు చట్టం కింద ఆశీలు వసూలుకు ఇచ్చిన వేలం ఒప్పందం నకలు అడగాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2005లో చేసిన నిబంధనల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయంలో ఆ దరఖాస్తుకు రుసుమే లేదు. మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి. "ఎందుకు ఇలా చేశారు" అని అడిగిన దరఖాస్తులు తిరిగొస్తాయి. "ఫలానా తేదీ ఒప్పందం నకలు ఇవ్వండి" అన్నవి ఫలిస్తాయి.

తిండి సరుకుల మీద భయం ఎక్కువ. 2006 ఆహార భద్రత చట్టం సెక్షన్ 18(3) ప్రకారం రైతుకు, పొలం దగ్గరి పంట ఉత్పత్తులకు ఆ చట్టం వర్తించదు. వంకాయ అమ్మడానికి నమోదు అక్కర్లేదు. అదే వంకాయను ఊరగాయ పెట్టి అమ్మితే నమోదు కావాలి, చిన్న తయారీదారులకు లైసెన్సు బదులు నమోదు చాలని సెక్షన్ 31(2) చెబుతోంది. సేంద్రియ పంట అని చెప్పి తినేవారికే నేరుగా అమ్మే చిన్న రైతుకు 2017 నిబంధనలు ధ్రువీకరణ నుంచి మినహాయింపు ఇచ్చాయి. కానీ ప్రభుత్వ సేంద్రియ గుర్తు వాడకూడదు. గుర్తు కావాలంటే కనీసం అయిదుగురు రైతులు జట్టు కట్టి, పీజీఎస్ అనే పరస్పర హామీ పద్ధతిలో ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకోవాలి.

కొన్న విత్తనం మోసం చేస్తే ఏం చేయాలన్నది ఎక్కువ మంది అడిగే ప్రశ్న. బిల్లు, లాట్ నంబరున్న ట్యాగు, ఖాళీ సంచి, గుప్పెడు మిగులు విత్తనం ఒకే కవరులో పంట ఇంటికి చేరేదాకా దాచాలి. తేడా కనబడగానే మండల వ్యవసాయాధికారికి రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకుని, చేను దున్నకముందే పరిశీలన చేయించాలి. దున్నేశాక సాక్ష్యం ఉండదు. రైతు కూడా వినియోగదారుడేనని, ఉన్నదంతా విత్తేసిన రైతును నమూనా ఏదని నిలదీయడం కుదరదని 2012 జనవరిలో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసు మన తెలుగు రైతులదే. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళలోగా ఫిర్యాదు చేయాలి. కొన్న విలువ 5 లక్షల లోపైతే రుసుము లేదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, మండల న్యాయ సేవల కమిటీని అడగాలి.

కౌలుదారు సంగతి వేరు, కష్టతరం కూడా. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలలకు కార్డు ఇస్తారు. భూమి యజమాని సంతకం కావాలి. దానివల్ల భూమి మీద కౌలుదారుకు ఏ హక్కూ రాదని చట్టంలోనే స్పష్టంగా ఉన్నా యజమానులు జంకుతారు. మా మిత్రులు ఆ నిబంధనను తెలుగులో అచ్చువేసి, కౌలుదారు చేత యజమానికి చూపిస్తున్నారు. సంతకం తప్పనిసరి అన్నదాన్నే చట్టంలోంచి తీసేయాలని మా అభిప్రాయం. పండించేవాడికి పంట మీద పరిహారం రావడానికి మరొకరి దయ అవసరమవడం న్యాయం కాదు.

భూమి మీద 300ఎ అధికరణం ఉంది. 1978 నాటి 44వ సవరణతో ఆస్తి ప్రాథమిక హక్కు కాకుండా పోయినా, చట్టం లేకుండా ఎవరి ఆస్తినీ లాక్కోకూడదన్నది నిలిచింది. హిమాచల్ ప్రదేశ్‌లో 1967-68లో రోడ్డు కోసం పరిహారం ఇవ్వకుండా తీసుకున్న భూమికి, 2020లో ఒక వృద్ధురాలికి సుప్రీంకోర్టు పరిహారం ఇప్పించింది. 2024 మేలో కోల్‌కతా నగర పాలక సంస్థ కేసులో నోటీసు, వాదన వినడం, కారణాలతో కూడిన నిర్ణయం, ప్రజాప్రయోజనం, న్యాయమైన పరిహారం వంటి ఏడు అంశాలు ఈ అధికరణంలో భాగమేనని చెప్పింది. ఇంతకన్నా తక్కువ మందికి తెలిసిన రక్షణ 31ఎ అధికరణంలో ఉంది. 1964 నాటి 17వ సవరణ దానికి ఒక నిబంధన చేర్చింది: చట్టం పెట్టిన భూపరిమితికి లోబడి సొంతంగా సాగు చేసుకుంటున్న భూమిని తీసుకుంటే మార్కెట్ విలువకు తగ్గకుండా పరిహారం ఇవ్వాలి. చిన్న రైతు సొంత సేద్యాన్ని రాజ్యాంగమే పేరు పెట్టి కాపాడిన చోటు అది. ఈ వాక్యం చదివినప్పుడు సభలో నిశ్శబ్దం అలుముకుంటుంది.

మీ పత్రికను మేం కోరేది చిన్నది. పైన చెప్పిన సెక్షన్ 39, సెక్షన్ 24, సెక్షన్ 18(3), 2014 చట్టంలో సరుకు తిరిగిచ్చే సెక్షన్ 19, ఈ నాలుగింటి తెలుగు పాఠాన్ని కత్తిరించి దాచుకునేలా ఒక పెట్టెలో వేయండి. పావు పేజీ చాలు. ఇలాంటి రైతు బడి కావాలనుకునే ఊరివారు మా మిత్రుల కోసం ఎదురుచూడనక్కర్లేదు. ఒక ఉపాధ్యాయుడు, ఒక న్యాయవాది, విత్తనం దాచే అలవాటున్న పెద్ద ముత్తయిదువ ఒకరు కలిస్తే సరిపోతుంది. కావాల్సిన సామగ్రి పది లీటర్ల బకెట్టు, రెండు కిలోల ఉప్పు, తాజా గుడ్డు, మూత బిగుతుగా ఉన్న గాజుసీసాలు, పాత ధోవతి గుడ్డ, జల్లెడ, దారం, దరఖాస్తులు రాయడానికి తెల్లకాగితాలు. ఒక్క మాట మాత్రం: తేదీ పెట్టేటప్పుడు నాట్లకు ముందు కాకుండా వరి పూతకు వచ్చే వారంలో పెట్టండి. ఆ వారం దాటితే పూతలో కేళీలు ఏరే మొదటి అదను పోతుంది, మళ్ళీ ఏడాది ఆగాలి.

ఇట్లు,
చిన్న కమతాల సేద్యంలో, న్యాయసహాయంలో పనిచేసే కొందరు పాఠకులు